ఫీడరు చివరి ఊరు: ఉద్దానంలో తుఫానుకు ముందు లైను పని, ప్రాజెక్టు డైరీ

చోటు: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేట–కవిటి మధ్య సముద్రం వైపు ఉన్న ఒక ఊరు. 33/11 కేవీ సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరి ఊళ్లకు కరెంటు తెచ్చే ఒక 11 కేవీ (11,000 వోల్టుల) ఫీడరు లైనుకు అదే ఆఖరు. పనిలో ఉన్నది సెక్షన్ లైన్ సిబ్బంది, పంచాయతీ, ఊళ్లో వైరింగ్, మోటారు పని తెలిసినవాళ్లు.

లక్ష్యం ముందే తేల్చుకున్నాం. తుఫానులో కరెంటు పోకుండా చూడటం ఈ లైనుతో అయ్యే పని కాదు. పోయిన కరెంటు వారాల మీద కాకుండా రోజుల మీద తిరిగి రావాలి. తాగునీటి మోటారు మాత్రం గంటల్లో తిరగాలి. ఉద్దానంలో దీనికి ఇంకో బరువు కూడా ఉంది. సోంపేటకో పలాసకో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఈ ఊళ్లలో ఎక్కువ. నాలుగు గంటల డయాలసిస్‌కు ఒక్కో మనిషికి శుద్ధి చేసిన నీరే సుమారు 120 లీటర్లు కావాలి. కరెంటు లేకపోతే ఆ నీరూ లేదు.

ఇంకో నియమం: తీగ ముట్టుకునే ప్రతి పనీ ఎల్‌సీ (లైన్ క్లియర్: లైనులో కరెంటు ఆపారని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకుని, రెండు వైపులా ఎర్త్ రాడ్లు (తీగను భూమికి కలిపేవి) వేశాక లైన్ సిబ్బందే చేయాలి. ఊరివాళ్ల పని నడవడం, కొలవడం, రాయడం, తోటల వాళ్లతో మాట్లాడటం. చెట్టు కొమ్మ కొట్టడం కూడా ఎల్‌సీ లేకుండా కుదరదు.

ఏప్రిల్ చివర: లాగ్ పుస్తకం

పని మొదలైంది సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటర్ రాసే లాగ్ పుస్తకంతో. బ్రేకర్ ఎప్పుడు ట్రిప్ అయింది, రిలేలో (తప్పును పసిగట్టి బ్రేకర్‌ను తెరిపించే పరికరం) ఏ జెండా పడింది, టెస్ట్ చార్జ్ చేస్తే (కరెంటు మళ్లీ వేసి చూస్తే) నిలిచిందా లేదా అన్నీ అందులో ఉంటాయి. జనం పట్టించుకోని కాగితం గానీ సగం సర్వే అక్కడే దొరుకుతుంది.

చదవడం ఇలా. ఎర్త్ ఫాల్ట్ (కరెంటు భూమిలోకి పోవడం) పడి, టెస్ట్ చార్జ్‌కు నిలిచిందంటే చాలాసార్లు కొమ్మ తగిలి పక్కకు పోయింది. ఓవర్ కరెంట్ పడి నిలిచిందంటే రెండు తీగలు గాలికి ఒకదానికొకటి తగిలాయి, లేదా కొబ్బరి మట్ట రెండు ఫేజుల మీద అడ్డంగా పడి జారిపోయింది. నిలవకపోతే తీగ తెగిందో, ఇన్సులేటర్ పంక్చర్ అయిందో, చెట్టు ఇంకా లైను మీదే ఉందో అనుకోవాలి.

ఒకటి మాత్రం పుస్తకంలో కనిపించదు. ఉద్దానం నేల ఇసుక. తెగిన 11 కేవీ తీగ ఎండు ఇసుక మీద పడితే భూమిలోకి పోయే కరెంటు చాలా తక్కువ, రిలేకు తెలియనంత తక్కువ. బ్రేకర్ ట్రిప్ కాదు, తీగ ప్రాణంతోనే ఉంటుంది. కింద పడ్డ తీగను ‘చచ్చిన తీగ’ అనుకోవడం ఈ నేల మీద అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు. పంచాయతీ మైకులో చెప్పించే మొదటి మాట ఇదే: పది మీటర్ల దూరంలో ఆగండి, పశువుల్ని ఆపండి, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయండి.

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులకు పడిన ట్రిప్పులను విడిగా రాసుకున్నాం. ఈ పని మొత్తానికి పట్టు అదే. అర గంట గాలివానకు ట్రిప్ అయిన చోటే అక్టోబరులో తీగ తెగే చోటు కూడా. వేసవి గాలి ఉచితంగా చేసిపెట్టే సర్వే అది. ‘స్టుడ్ ఓకే’ (నిలిచింది) అని రాసి మరిచిపోతే వృథా.

మే: లెక్క, తర్వాత నడక

నడవక ముందు ఒక లెక్క వేసుకోవాలి. లేకపోతే కనిపించిన ప్రతిదానికీ గాలే కారణం అనిపిస్తుంది.

గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 0.613తో గుణిస్తే చదరపు మీటరుకు ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 90 కి.మీ. గాలికి అది చదరపు మీటరుకు సుమారు 39 కిలోలు. 180 కి.మీ.కు 156 కిలోలు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140–150 కి.మీ., విసురుగా 165. ఆ 165కి చదరపు మీటరుకు 131 కిలోలు. రాబిట్ కండక్టర్ (ఈ లైనులో వాడే తీగ రకం) మందం 10 మి.మీ. 50 మీటర్ల స్పానులో (రెండు స్తంభాల మధ్య దూరం) ఒక తీగ గాలికి చూపే వైశాల్యం అర చదరపు మీటరు. మూడు తీగల మీద కలిపి 197 కిలోలు. స్తంభం మీద నేరుగా పడే గాలిని పైకొనకు లెక్కిస్తే ఇంకో 40. మొత్తం 240 లోపు. మామూలు 8 మీటర్ల పీఎస్‌సీ (ప్రీ-స్ట్రెస్డ్ కాంక్రీటు) స్తంభం వర్కింగ్ లోడు (పైకొన దగ్గర భరించాల్సిన లాగుడు) 140 కిలోలు, రెండున్నర రెట్ల భద్రతతో విరిగేది 350 దగ్గర.

అంటే నిటారుగా, గట్టి పునాదితో, 50 మీటర్ల దూరంలో నిలబెట్టిన స్తంభం తిత్లీ గాలికి ఒరగవచ్చు గానీ విరగకూడదు. అయినా ఆ రోజు ఉద్దానంలో స్తంభాలు వరసగా కూలాయి. గాలితో పాటు ఇంకేదో ఉంది. ఆ ‘ఇంకేదో’ నాలుగు రకాలు: మీద పడిన చెట్టు, తెగిన స్టే (స్తంభాన్ని నేలకు లాగి పట్టే తీగ), వదులైన పునాది, మితిమీరిన స్పాను. నడకలో వెతకాల్సింది ఆ నాలుగే.

(2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు రుణంతో భూగర్భ కేబుళ్లు వేశారు. ఇక్కడా అలా వేయొచ్చు కదా అని ప్రతి సమావేశంలో ఎవరో ఒకరు అడుగుతారు. నగరంలో కిలోమీటరు కేబుల్‌కు వందల ఇళ్లు ఉంటాయి. ఇక్కడ కిలోమీటరు దాటినా ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ రాదు. పైగా భూమిలో కేబుల్ పాడైతే ఎక్కడ పాడైందో కనిపెట్టడానికి పరికరాల బండి రావాలి. పైన తీగ అయితే కంటికి కనిపిస్తుంది.)

నడకలో ప్రతి స్తంభానికి పసుపు పెయింటుతో నంబరు వేశాం. రిజిస్టరులో వరసలు: స్తంభం నంబరు, తర్వాతి స్తంభానికి దూరం, ఒరుగు ఎటు వైపు, స్టే ఉందా, బిగువుందా, ఇన్సులేటర్ స్థితి, దగ్గరి చెట్టు రకం, ఎత్తు, దూరం, తోట ఎవరిది.

దూరం 30 మీటర్ల టేపుతో కొలవాలి. అడుగుల అంచనా ఇసుకలో తప్పుతుంది. చెట్టు ఎత్తుకు కర్ర చాలు. చెయ్యి పూర్తిగా చాచి, కంటి నుంచి పిడికిలి దాకా ఎంత దూరమో పిడికిలి పైన కర్ర అంతే నిలబడేలా పట్టుకుని వెనక్కి నడవాలి. చెట్టు మొదలు పిడికిలి దగ్గర, కొన కర్ర కొన దగ్గర కనిపించిన చోట ఆగి, అక్కడి నుంచి చెట్టు మొదలుకు టేపు పట్టాలి. ఆ దూరమే ఎత్తు. నేల వాలుగా ఉంటే అడ్డంగా నడిచి కొలవాలి.

చెట్టు ఎత్తు లైనుకున్న దూరం కన్నా ఎక్కువైతే, అది అటు పడితే తగలవచ్చు. అలాంటివన్నీ కొట్టేయాలంటే ఉద్దానంలో సగం తోటలు పోతాయి. అందుకే మూడు తరగతులు పెట్టుకున్నాం. ఎరుపు: లైను వైపు ఒరిగినవి, మొదట్లో పుచ్చు ఉన్నవి, వేళ్ల దగ్గర ఇసుక కొట్టుకుపోయినవి. పసుపు: మట్టలు, కొమ్మలు తగిలేవి. మూడోది గుర్తు వేయని చెట్టు: పడితే తగులుతుంది గానీ పడే సూచన లేదు.

స్పానుల్లో తేలింది ఒకటి. చాలా చోట్ల 50–60 మీటర్లే గానీ తోటలు దాటే చోట, పాత బావుల పక్కన 75 మీటర్ల పైన సాగినవి ఉన్నాయి. అదే లెక్కను 50 మీటర్ల స్పానుకు గంటకు 180 కి.మీ. గాలితో వేస్తే మూడు తీగలకు 235, స్తంభంతో కలిపి 285 కిలోలు. 75 మీటర్లకు 400. 350 దాటింది, స్తంభం విరుగుతుంది. తీగ వేలాడటం స్పాను వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రాబిట్ బరువు మీటరుకు 214 గ్రాములు. 200 కిలోల బిగువులో 60 మీటర్లకు 48 సెం.మీ. వేలాడితే 90 మీటర్లకు 1.08 మీటర్లు. ఆ తీగలే గాలికి ఊగి తగులుకుని ఓవర్ కరెంట్ పడేది. దీనికి మందు తీగ బిగించడం కాదు. బిగిస్తే మూల స్తంభం మీద లాగుడు పెరుగుతుంది. మధ్యలో ఇంకో స్తంభం వేయాలి.

జూన్: చెట్లు

ఎక్కువ కాలం పట్టిన పని ఇదే. చెట్టు కొట్టేది కత్తితో గానీ, కొట్టించేది మాటతో.

కొబ్బరిని మామిడిలా కొమ్మ నరికి తగ్గించలేం. మొవ్వు పోతే చెట్టే పోతుంది. ఉన్న దారులు మూడు: లైను వైపు మట్టలు, గెలలు తీసేయడం, యజమాని ఒప్పుకుంటే చెట్టు తీసేయడం, లైనునే జరపడం. తోటల్లో తరచూ వినిపించే మాట: ‘మా చెట్టు మీ తీగ మీదకు రాలేదు బాబూ, మీ తీగే మా తోటలోకి వచ్చింది.’ లైను వేసిన ఏడాది, చెట్టు నాటిన ఏడాది చూస్తే చాలా చోట్ల వాళ్ల మాటే నిజం. అందుకే వాదన మానేసి, రిజిస్టరు తెరిచి, ఆ చెట్టు కింది స్పానులో వేసవి ట్రిప్పులు ఎన్ని పడ్డాయో చూపించడం పనికొచ్చింది. తన మోటారు ఆగింది తన చెట్టు వల్లే అని తెలిస్తే సగం మంది మట్టలకు ఒప్పుకుంటారు. చెట్టుకు మాత్రం చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకోవాలని ఆశించడమూ తప్పే. తిత్లీకి పోయిన తోట మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో వాళ్లకు తెలుసు.

మట్టల విషయం దగ్గర నుంచి చూడాలి. ఒక మట్ట నాలుగైదు మీటర్లు. ఎండిన మట్ట మొదలు దగ్గర పట్టు వదిలి, పీచుతో వేలాడుతుంటుంది. చిన్న గాలికి కూడా విడిపోతుంది. 11 కేవీలో తీగల మధ్య ఎడం మీటరు పైచిలుకే కాబట్టి, మట్ట అడ్డంగా పడితే రెండు ఫేజులనూ అందుకుంటుంది. ఎండుగా ఉంటే ఏమీ కాకపోవచ్చు. తడిస్తే ఈనె పొడవునా నీటి పొర మీదుగా కరెంటు పాకి, బొగ్గు గీత పడి, అక్కడే మంట లేస్తుంది. వాన మొదలైన పది పదిహేను నిమిషాలకు ట్రిప్ అవుతుంటే ముందుగా అనుమానించాల్సింది ఇదే. లైనుకు రెండు వైపులా ఎండు మట్టలు సెప్టెంబరు లోపు ఒకసారి, అక్టోబరు మొదట్లో ఇంకోసారి దింపాలి. ఒక్కసారి దింపితే నెలన్నరకే మళ్లీ వస్తాయి.

జీడి చెట్లు పొట్టి. పక్కకు పరుచుకుంటాయి, అందవు. పనస బరువైన చెట్టు. కొమ్మ విరిగితే తీగను, క్రాస్ ఆర్మును (తీగలు మోసే అడ్డ ఇనుమును) కలిపి దింపేస్తుంది. లైను మీదకు వచ్చిన పనస కొమ్మను మొదటి నుంచే తీయాలి, సగంలో కొడితే చిగుళ్లు గుబురుగా వచ్చి తడి పట్టుకుంటాయి. సముద్రం ఒడ్డు సరుగుడు వేరే సంగతి. వరసగా దగ్గర దగ్గర నాటినంత కాలం ఒకదానికొకటి అండగా నిలబడతాయి. సగం వరస కొట్టి అమ్మేస్తే మిగిలిన సగం మొదటి గాలికే పడుతుంది. లైను పక్కన సరుగుడు కొట్టేవాళ్లకు ఒకటే చెప్పాం: కొడితే లైను వైపు వరసతో మొదలుపెట్టండి.

ఒప్పుకోని చోట్ల 11 కేవీకి కవర్డ్ కండక్టర్ (పైన పూత ఉన్న తీగ) అడిగాం. ఊళ్లో ఎల్‌టీ (ఇళ్లకు వచ్చే తక్కువ వోల్టేజి) లైను వీధుల్లో ఏబీ కేబుల్ (పూత తీగలను కట్టగా చుట్టినది). కొమ్మ రాసుకుంటే రెండూ తట్టుకుంటాయి. చెట్టు పడితే మాత్రం స్తంభాన్ని కూడా లాక్కుపోతాయి, ఎందుకంటే ఆ కేబుల్ తెగదు. అందుకే ఎర్ర గుర్తు చెట్ల కింద ఏబీ కేబుల్ మందు కాదు.

జూలై: స్టేలు, పునాదులు

మూల స్తంభాల లెక్క చూస్తే స్టే విలువ తెలుస్తుంది. లైను 30 డిగ్రీలు తిరిగే చోట, తీగ బిగువు 200 కిలోలైతే ఒక్కో తీగ స్తంభాన్ని లోపలికి సుమారు 104 కిలోలు లాగుతుంది. మూడు తీగలకు 310. స్తంభం వర్కింగ్ లోడు 140. గాలి లేని రోజు కూడా ఆ స్తంభాన్ని నిలబెడుతున్నది స్టేనే. పొలంలో దున్నడానికి అడ్డమని స్టే కోసేసిన చోట్లు, గేదెను కట్టి కట్టి వదులైన చోట్లు నడకలో దొరికాయి. మూల స్తంభం పడితే అటూ ఇటూ ఉన్నవి కూడా దానితో పోతాయి.

కొత్త స్టేకు వాడింది: 16 మి.మీ. స్టే రాడ్డు, యాంకర్ ప్లేటు, 7/3.15 మి.మీ. జీఐ స్టే వైరు, గుడ్డు ఇన్సులేటర్, టర్న్ బకిల్. నేలతో కోణం 45 డిగ్రీల దగ్గర ఉండాలి. స్థలం లేక స్తంభానికి మరీ దగ్గరగా పాతితే వైరు మీద లాగుడు పెరిగి, స్తంభాన్ని కిందికి నొక్కడమే మిగులుతుంది. గుడ్డు ఇన్సులేటర్ నేల నుంచి 3 మీటర్ల పైనే ఉండాలి. లేకపోతే తెగిన ఫేజు వైరు స్టే మీద పడినప్పుడు చేతికందే ఎత్తులో కరెంటు ఉంటుంది.

ఇసుకలో గుంత తవ్వితే పక్కలు కూలి, 1.4 మీటర్ల లోతుకు చేరేసరికి నోరు ఎద్దు బండి పట్టేంత అవుతుంది. పూడ్చిన ఇసుక గట్టిపడదు, స్తంభం తిరుగుతుంది. దీనికి ఊళ్లో దొరికే 200 లీటర్ల ఖాళీ డ్రమ్ము పనికొచ్చింది. రెండు మూతలూ కోసేసి, గుంతలో దింపుతూ లోపల ఇసుక తీస్తూ పోవాలి. ఒకటి దిగాక దాని మీద రెండోది. మధ్యలో స్తంభం నిలబెట్టి, చుట్టూ 1:3:6 కాంక్రీటు. ఒక స్తంభానికి సుమారు 0.35 ఘనపు మీటర్లు, బస్తాన్నర సిమెంటు. నేల పైన ఒక జానెడు ఎత్తు వాలుగా పోయాలి, నీరు నిలవకుండా. పక్కనే ఉందని ఒడ్డు ఇసుక కలపొద్దు. ఉప్పుకు స్టే రాడ్డు లోపలే తుప్పు పట్టి, బయటికి కనిపించకుండా తెగుతుంది. కాంక్రీటు పోసిన వారం పది రోజుల దాకా స్టే బిగించకూడదు.

పాత స్తంభం లోతు తగ్గిందా అని చూడటానికి స్తంభం మీద అచ్చు వేసిన గుర్తు ఉపయోగపడుతుంది. ఒకే తయారీ స్తంభాల్లో ఆ గుర్తు ఒకే చోట ఉంటుంది. మంచి నేలలో ఉన్న స్తంభానికి ఆ గుర్తు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, మిగతావాటితో పోల్చాలి. 20 సెం.మీ. తేడా వచ్చినవి కాలువ గట్ల మీదే ఎక్కువ.

తిన్నగా పోయే లైనులో ప్రతి ఆరో స్తంభానికి లైనుకు అడ్డంగా రెండు వైపులా గాలి స్టేలు వేయాలని తీర్మానం. అన్నిటికీ వేయడం దండగ. పడటం మొదలైతే వరస ఎక్కడో ఒకచోట ఆగాలి, అంతే.

ఆగస్టు: స్విచ్‌లు, ఫ్యూజులు, ఉప్పు

ఫీడరు మొత్తానికి సబ్‌స్టేషన్‌లో ఒకటే బ్రేకర్. మధ్యలో ఏబీ స్విచ్‌లు (ఎయిర్ బ్రేక్: లైనును సెక్షన్లుగా విడదీసేవి) పని చేయకపోతే చివరి ఊళ్లో ఒక తీగ తెగినా మొదటి ఊరు దాకా చీకటే. స్విచ్‌లు ఉన్నాయి, హ్యాండిళ్లు తిరగడం లేదు. ఉప్పుగాలికి పైపు జాయింట్లు బిగుసుకుపోయాయి. ఎల్‌సీలో ఒక్కొక్కటి విప్పి, తుప్పు గీకి, గ్రీజు పెట్టి, మూడు బ్లేడ్లు ఒకేసారి మూసుకునేలా సర్దాలి. ఒక బ్లేడు ఆలస్యంగా తగిలితే అక్కడ ఆర్క్ వచ్చి కాంటాక్టు కరుగుతుంది. హ్యాండిల్‌కు ఎర్తింగ్, తాళం తప్పనిసరి. తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియని స్విచ్, స్విచ్ కింద లెక్క కాదు.

తుఫాను తర్వాత చార్జ్ చేసే వరస: అన్ని ఏబీ స్విచ్‌లూ తెరవాలి, మొదటి సెక్షన్ నడిచి చూసి చార్జ్ చేయాలి, నిలిచాక రెండోది. చూడని సెక్షన్‌ను ‘ఒకసారి వేసి చూద్దాం’ అనడం లేదు. ఎందుకో ఎండు ఇసుక దగ్గరే చెప్పాం.

ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ప్రధానమైన జబ్బు ఫ్యూజు. 100 కేవీఏకు 11 కేవీ వైపు పూర్తి లోడు కరెంటు 5.25 ఆంపియర్లే, 63కు 3.3, 25కు 1.3. ఎల్‌టీ వైపు 100కు 133, 63కు 84, 25కు 33. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అల్యూమినియం తీగ పోగులు మెలిపెట్టి కట్టిన చోట్ల, ఎల్‌టీ తీగలు గాలికి తగులుకున్నప్పుడు ఫ్యూజు కరగదు, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ కాలుతుంది. పది నిమిషాల పని పది రోజులవుతుంది. అలాంటివన్నీ తీసి, సరైన గేజి రాగి తీగ కట్టి, ప్రతి స్ట్రక్చర్ దగ్గర విడి తీగ చుట్ట ఒకటి పెట్టాం. ఎల్‌టీ తీగలు తగులుకునే స్పానుల్లో ప్లాస్టిక్ స్పేసర్లు.

ఇన్సులేటర్ల మీద ఉప్పు పొర పెద్ద వానకు కడుక్కుపోతుంది. ప్రమాదం తుంపరకు, మంచుకు. ఉప్పు తడిసి వాహకమవుతుంది గానీ కొట్టుకుపోదు. రాత్రి స్తంభం కింద నిలబడితే సిర్రుమనే చప్పుడు, నీలి మెరుపు. అలాంటి పింగాణీ పిన్ ఇన్సులేటర్‌ను దింపి చూస్తే బైండింగ్ వైరు కింద గ్లేజు మీద వెంట్రుకంత పగులు, దానిలో నల్ల గీత. తుడిచి మళ్లీ వాడేది కాదది. ఒడ్డుకు దగ్గరి స్తంభాలకు పాలిమర్ ఇన్సులేటర్లు పెట్టించాం.

ఆగస్టు చివర: ఫేజు లాగర్

పంచాయతీ కార్యాలయం త్రీ-ఫేజ్ మీటరు తర్వాత, మూడు ఫేజుల వోల్టేజిని రాసిపెట్టే ఒక చిన్న పెట్టె. ఈఎస్‌పీ32 బోర్డు, ఫేజుకొకటి చొప్పున మూడు జెడ్‌ఎంపీటీ101బీ వోల్టేజి సెన్సర్లు, డీఎస్3231 గడియారం, ఎస్‌డీ కార్డు, 18650 సెల్లు, చార్జింగ్ బోర్డు, ఒక్కో ఫేజుకు చిన్న ఫ్యూజు. నిమిషానికొకసారి, మార్పు వచ్చినప్పుడు వెంటనే రాస్తుంది. సిమ్ పెట్టినా దాన్ని నమ్ముకోలేం. సెల్ టవర్ బ్యాటరీ అయిపోయాక కార్డే మిగిలేది. పెట్టెలో సిలికా జెల్ సంచి లేకపోతే ఉప్పు తేమకు సెన్సర్ రీడింగు పక్కదారి పడుతుంది.

ఇది ఇచ్చే అసలు లాభం తప్పు ఎటు వైపుందో చెప్పడం. ఒక ఫేజు సున్నా, మిగతా రెండూ మామూలుగా ఉంటే ఎల్‌టీ ఫ్యూజో, ఎల్‌టీ జంపరో (రెండు తీగలను కలిపే చిన్న ముక్క). ఒక ఫేజు మామూలుగా ఉండి మిగతా రెండూ సగానికి పడితే 11 కేవీ వైపు ఒక ఫేజు పోయింది. డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వైండింగ్‌లు సిరీస్‌లో పడి అలా పంచుకుంటాయి. లైన్‌మన్ గారికి ఫోన్‌లో ఈ ఒక్క మాట చెబితే ఏ స్తంభం ఎక్కాలో తేలుతుంది. ఒక మెలిక ఉంది: ఫేజు పోయినా త్రీ-ఫేజ్ మోటారు తిరుగుతూనే ఉంటే, అది పోయిన ఫేజులో కూడా వోల్టేజి పుట్టిస్తుంది. లాగర్ 190, 200 వోల్టులు చూపించి ‘కరెంటు ఉంది’ అంటుంది. అందుకే ‘ఉంది’ అనడానికి గీతను 210 దగ్గర పెట్టాం. తక్కువ వోల్టేజి రాత్రుల్లో తప్పుడు గంట మోగినా ఫర్వాలేదు, మోటారు కాలడం కన్నా నయం.

సెప్టెంబరు: జనరేటర్, సామాను

తాగునీటి మోటారు 7.5 హెచ్‌పీ, అంటే 5.6 కిలోవాట్లు. స్టార్-డెల్టా స్టార్టర్‌తో (మోటారు మొదట్లో లాగే కరెంటును తగ్గించేది) 15 కేవీఏ జనరేటర్ సరిపోయింది. నేరుగా స్టార్ట్ చేస్తే ఇంకా పెద్దది కావాలి.

చేంజోవర్ స్విచ్ (లైను, జనరేటర్‌లలో ఒక్కదాన్నే కలపనిచ్చేది) లేకుండా జనరేటర్ కలపనివ్వలేదు. ఇళ్లలో చిన్న జనరేటర్లను ప్లగ్గుతో గోడ సాకెట్టుకు గుచ్చేవాళ్లున్నారు. 230 వోల్టులు సర్వీసు వైరు గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనక నుంచి చేరితే, 250కి 11,000 నిష్పత్తిలో అవతల 10 వేల వోల్టులు లేస్తాయి. తెగిన తీగ పట్టుకున్న లైన్‌మన్ ప్రాణం పోయేది అలాగే. ఎర్త్ రాడ్లు రెండు వైపులా వేయమనడానికి కారణం కూడా అదే.

ఒక స్తంభం మార్చడానికి కట్ట కట్టి పెట్టిన సామాను: 8 మీటర్ల పీఎస్‌సీ స్తంభం ఒకటి, వీ క్రాస్ ఆర్ము, టాప్ ఫిట్టింగ్, బ్యాక్ క్లాంపు, మూడు పిన్ ఇన్సులేటర్లు పిన్నులతో, బైండింగ్ వైరు, ఎర్తింగ్ కాయిల్, తీగ జాయింటు స్లీవులు, పీజీ క్లాంపులు (రెండు తీగలను పక్కపక్కన బిగించేవి). స్తంభం బరువు మూడు వందల కిలోల పైనే. జేసీబీ రాలేని తోటలో మోకులు, కత్తెర గుంజలు ఉంటేనే లేస్తుంది. పవర్ రంపానికి లీటరు పెట్రోలుకు 20–25 మి.లీ. టూ-స్ట్రోక్ నూనె కలిపి డబ్బాల్లో పెట్టాలి. తుఫాను మర్నాడు బంకుల్లో పంపులు తిరగవు.

హెచ్చరికల ప్రకారం పని విడదీశాం. చెడు వాతావరణం మొదలవడానికి 72 గంటల ముందు వచ్చే ప్రీ-సైక్లోన్ వాచ్‌కు మట్టల చివరి విడత, జనరేటర్ డీజిలు. 48 గంటల అలర్ట్‌కు ట్యాంకులు నింపడం, ఏబీ స్విచ్ చెవుల లెక్క. 24 గంటల వార్నింగ్ తర్వాత ఎవరూ లైను మీదకు ఎక్కరు.

పెండింగ్‌లో ఉన్నవి: గెడ్డ పక్క సరుగుడు వరస, యజమాని వేరే ఊళ్లో ఉన్నారు, మాట కలవలేదు. 75 మీటర్లు దాటిన స్పానుల్లో మధ్య స్తంభాలు రెండు చోట్ల మిగిలాయి, వాన తగ్గితేనే గుంత. రెండో ట్యాపు (లైను చీలే చోటు) దగ్గర ఏబీ స్విచ్ ఇంకా మంజూరు కాలేదు. అది వచ్చేదాకా అటు వైపు ఊరిని విడదీయాలంటే ఎల్‌సీలో జంపర్లు విప్పడమే దారి. దానికి కావలసిన నిచ్చెన, పీజీ క్లాంపులు, స్పానర్లు ఆ స్తంభం ఎదురింటి సావిట్లో పెట్టి, చెవి లైన్‌మన్ గారికి ఒకటి, సర్పంచ్ గారికి ఒకటి ఇచ్చాం.